గాజు డొప్పలో పుచ్చిన కర్ర

చెరువుకట్ట మీద బోర్లించిన పాత ఫైబర్ గ్లాసు పడవను చూచి, “ఇది గాజునారతో పోసినది, దీనికి చెద లేదు, పుచ్చు లేదు, ఒక పూత రంగు కొడితే కొత్తదే” అనుకొనేవారు చాలామంది ఉన్నారు. ఆ మాటలో సగం నిజమున్నది. గాజునారకు చెద పట్టదు. అయితే పడవకు ఆ గాజు డొప్ప చర్మం వంటిది. లోపలి ఎముకలు కర్రవి. అడుగున పొడుగునా పోయే బద్దలు, కాలు పెట్టే పలక, అడ్డబల్లల కింది ఆసరాలు, అమరం వైపు మోటారు తగిలించే వెనుక పలక, ఇవన్నీ చాలా పడవలలో ప్లైవుడ్‌తో గాని కోత కర్రతో గాని చేసి, పైన గాజునార కప్పి ఉంటారు. పైకి కనబడదు గనుక కర్ర ఉన్నదనే సంగతి మరచిపోతాము.

ఈ పడవల సంగతి పంటల మనిషికి ఎందుకు అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. చేపల శాఖ వేరే ఉన్నది. కాని విస్తరణ అధికారిని దారిలో పట్టుకొన్నవారు శాఖ అడిగి ప్రశ్న వేయరు. “సారూ, ఇద్దరం మోసే పడవ, ఇప్పుడు నలుగురికి గూడ లేస్తలేదు. ఏమైందంటరు?” అని ఒక మత్స్య సహకార సంఘం పెద్దాయన అడిగినాడు. రోగం పేరు ఆయన ప్రశ్నలోనే ఉన్నది. గాజు డొప్ప తాగే నీళ్ళు చాలా స్వల్పం. మోయలేనంత బరువు పెరిగిందంటే నీళ్ళు తాగింది లోపలి కర్ర, లేదా తేలడానికని పెట్టిన నురుగు దిమ్మ.

బోడుప్పల్, ఉప్పల్, నాచారం అంటే ఈనాడు ఇండ్లు, రోడ్లు, పారిశ్రామికవాడల షెడ్లు. అయినా ఉప్పల్ నల్లచెరువు వంటి పేర్లు ఇంకా నోళ్ళలో ఉన్నాయి. నగరం దాటి లోపలి ఊళ్ళకు పోతే చెరువే జీవనాధారమైన గంగపుత్రులు, ముదిరాజులు ఎందరో ఉన్నారు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ పూడికతీతలు మొదలైనవి. 2016 నుంచి చెరువులలో వదలడానికి ఉచిత చేపపిల్లల పంపిణీ ప్రారంభమైనది. చేప పెరిగిన చోట వలకు వాహనం కావాలి. పుట్టి, థర్మోకోల్ దిమ్మల తెప్ప, గాలి నింపిన ట్యూబు, వీటి నడుమ ఎక్కడో ఒకచోట పాత ఫైబర్ గ్లాసు పడవ కనబడుతుంది. సంఘానికి అది పెద్ద ఆస్తి. ఇంకొక సంగతి. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్లకు పైగా వాన కురిసి, మరునాడు హైదరాబాదు లోతట్టు కాలనీలలో మనుషులను పడవలలో తీసినారు. అటువంటి రోజున కట్ట మీది పడవను తోసుకొని పోయేవారు లోపలి పుచ్చును పరీక్షించుకొంటూ కూర్చోరు.

కోస్తాలో ఈ రకం పడవల చరిత్ర కొంత పెద్దది. తెప్పలకు, నావలకు తగిన మొద్దులు కరవై, ధరలు పెరిగిన కాలంలో, 1979లో మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారి బంగాళాఖాత కార్యక్రమం తూర్పు తీరంలో ఇసుక ఒడ్డుకు చేర్చదగిన ఫైబర్ గ్లాసు పడవలను రూపొందించి పరీక్షించింది. తరువాతి సంవత్సరాలలో ఆంధ్ర తీరమంతటా కర్ర తెప్పల స్థానంలో ఫైబర్ తెప్పలు వచ్చినవి. కొచ్చిలో ప్రధాన కార్యాలయం, విశాఖపట్నంలో పరిశోధన కేంద్రం గల కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థవారు కర్ర పడవకు గాజునార తొడుగు వేసే పద్ధతి మీద కూడా పనిచేసినారు. అక్కడ వారు కర్రను ముందుగా మందుతో శుద్ధి చేసి ఆ తరువాతనే తొడిగినారు. శుద్ధి చేయని కర్రకు గాజు తొడుగు వేయడం, తడి ధాన్యాన్ని గాదెలో పోసి మూత పెట్టడం రెండూ ఒకటే.

కర్ర ఎందుకు పుచ్చుతుందో చూద్దాము. మీ పొలం కంచె గుంజను తలచుకోండి. అది విరిగేది నేలమట్టం దగ్గర. పైభాగం ఎండకు ఆరుతుంది, లోతున మట్టిలో గాలి ఆడదు. నేలమట్టం దగ్గర మాత్రం తడి, గాలి రెండూ దొరుకుతాయి. కర్రను తినే శిలీంధ్రానికి ఈ రెండూ కావాలి. అందుకే చెరువు బురదలో పూర్తిగా కూరుకొన్న మొద్దు ఏళ్ళ తరబడి చెడదు. కర్రలో తేమ నూటికి 20 పాళ్ళకు లోపున ఉంటే ఆ శిలీంధ్రం పెరగలేదు, ముప్పై దాటితే పండుగ చేసుకొంటుంది. గాజు తొడుగులోని కర్రకు ఒక మరమేకు బెజ్జం గుండా నీరు దిగిందనుకోండి, దిగిన నీరు తిరిగి ఆరే దారి లేదు. తొడుగు తడిని కాపాడి పెడుతుంది. సముద్రపు పడవ కంటె మన చెరువు పడవ తొందరగా పుచ్చడానికి కూడా కారణమున్నది. ఉప్పునీరు శిలీంధ్రాన్ని కొంత అణచిపెడుతుంది, మంచినీరు అణచదు. అన్నిటికంటె చెడ్డది లోపల నిలిచిన వాన నీరు. వెల్లకిలా పడేసి వదిలిన పడవ రెండు వానకాలాలలో పుచ్చితే ఆశ్చర్యపడవలసినది లేదు.

ఇక పరీక్ష. చిన్న సుత్తి పిడితో పడవ లోపలంతా తట్టుకొంటూ పోండి. గట్టి చోట టక్కుమని పలుకుతుంది, పుచ్చిన చోట దబ్బుమంటుంది. పుచ్చకాయ కొనేటప్పుడు తట్టే చెవి ఇక్కడ పనికివస్తుంది. కాలు పెట్టే పలక మీద నిలబడి మడమతో నొక్కితే కుంగకూడదు. మరమేకుల చుట్టూ గోధుమరంగు చెమ్మ కారుతున్నదా చూడండి. అనుమానమున్న చోట లోపలి వైపు నుంచి మాత్రమే 5 మిల్లీమీటర్ల డ్రిల్లుతో బెజ్జం వేసి పొట్టును చేతిలోకి తీసుకోండి. పొడిగా, లేతరంగులో, కర్ర వాసనతో వస్తే మేలు. నల్లగా, ముద్దగా, పుట్టగొడుగు వాసనతో వస్తే అక్కడ కర్ర చివికినట్లే. వేసిన బెజ్జాలను గుర్తుపెట్టుకొని తరువాత మూయవలెను. లేకపోతే పరీక్షే కొత్త రోగం తెస్తుంది.

మోటారు తగిలించే పడవ అయితే వెనుక పలకను విడిగా చూడవలెను. మోటారు కాలు పట్టుకొని మెల్లగా వెనుకకు ముందుకు ఊపితే పలక దానితో ఊగకూడదు. ఊగితే ఆ మోటారును ఆనాటితో దించివేయండి. చెరువు నడుమ పలక ఊడితే మోటారుతో పాటు పడవ వెనుక గోడ కూడా పోతుంది.

ఇక్కడ ఒక ప్రలోభం గురించి చెప్పాలి. పుచ్చిన కర్రలోనికి పలుచని జిగురు పోస్తే అది గట్టిపడి కొత్త కర్ర అవుతుందని కొందరంటారు. కిటికీ చట్రం అంచుకు అది సరిపోవచ్చు. బరువు మోసే బద్దకు, వెనుక పలకకు నేను ఒప్పుకోను. తడిసిన కర్రలోనికి జిగురు దిగదు. పై పొర మాత్రం గట్టిపడి, లోపలి తడిని ఇంకా బిగించి మూస్తుంది. పైన లప్పం పెట్టి రంగు వేసి అమ్మే పడవ సంగతి అంతకంటె చెప్పనక్కరలేదు. కొనేముందు రంగును చూడవద్దు, తూకం చూడండి.

డొప్ప గట్టిగా ఉండి, నిలువునా పగుళ్ళు లేకుండా ఉంటేనే పనికి దిగండి. డొప్ప కూడా మెత్తబడి ఉంటే దాని మీద పెట్టే ప్రతి రూపాయి చెరువులో వేసినట్లే.

ఎప్పుడు దిగాలి? వేసవి అంటారు చాలామంది. కాని వేసవి అంటే చెరువు నీరు తగ్గి చేపలు పట్టే కాలం, పడవను సంఘం వదలదు. పైగా 40 డిగ్రీల ఎండలో రెజిన్ గిన్నెలోనే గడ్డకడుతుంది. నా సలహా: సంక్రాంతి తరువాత విప్పండి, ఉగాది లోపల ముగించండి. గాలి పొడిగా ఉంటుంది, ఎండ ముదరదు, పట్టుబడికి పడవ సిద్ధమవుతుంది. జూన్‌లో మృగశిర కార్తె వాన పడిన తరువాత మాత్రం కర్ర పొదిగే పని పెట్టుకోవద్దు.

విప్పేముందు పడవను సరిగా ఆనించండి. ఇది చిన్న మాటగా తోస్తుంది గాని ఎన్నో పడవలు ఇక్కడనే పాడవుతాయి. లోపలి బద్దలు తీసివేస్తే గాజు డొప్ప మెత్తని బుట్ట వలె వంగుతుంది. వంగిన ఆకారం మీదనే కొత్త బద్దలు అతికిస్తే పడవ ఎప్పటికీ ఒక పక్కకే పోతుంది. ఇసుక నింపిన గోనె సంచులు అడుగంతా సమానంగా పరచి వాటి మీద పడవను కూర్చోబెట్టండి. అణియం నుంచి అమరం దాకా ఒక నూలుతాడు బిగించి కట్టి, అది అంచులకు ఎంత ఎత్తున ఉన్నదో నాలుగైదు చోట్ల కొలిచి పలక మీద రాసి పెట్టుకోండి. బద్దలన్నీ ఒకేసారి తీయక, ఒక వైపు తీసి కొత్తది అతికించిన తరువాతనే రెండవ వైపు ముట్టుకోండి.

కోత పని పశువుల కొట్టం దగ్గర, గడ్డివాము దగ్గర పెట్టవద్దు. ఈ మాట నేను పంటల మనిషిగా గట్టిగా చెబుతున్నాను. గ్రైండరు పెడితే లేచే గాజు ధూళి సన్నని సూదులు. మనకు దురద, మేత మీద పడితే పశువు నోటికి, కడుపుకు హాని. నోటికి ముక్కుకు మంచి మాస్కు, కళ్ళకు అద్దాలు, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. ఆ చొక్కాను ఇంటి బట్టలతో కలిపి ఉతకవద్దు. కోసిన ముక్కలను తగలబెట్టకూడదు, పొలంలో పాతకూడదు. పొగ విషం, ముక్క నాగలికి తగిలి ఎప్పటికీ బయటపడుతూనే ఉంటుంది. మూట కట్టి మునిసిపాలిటీ చెత్త బండివారికి చెప్పి అప్పగించండి.

లోపలి పలకను కోసేటప్పుడు అంచున రెండు అంగుళాల గాజు పట్టీ వదిలి కోయండి, కొత్త పొర అతకడానికి అది ఆధారం. తీసిన పలక చివికినా పారవేయవద్దు, కొత్త పలకకు అదే అచ్చు. వెనుక పలకకు లోపలి పొర మాత్రమే కోసి, పుచ్చిన కర్రను ఉలితో గీకి తీసి, బయటి పొరను అట్లాగే ఉంచితే పడవ ఆకారం చెడదు. పుచ్చు కనబడిన చోటు దాటి గట్టి కర్ర మరి నాలుగైదు అంగుళాలు వచ్చేదాకా తీయవలెను. వంకాయలో పుచ్చు కోసినట్లు అంచున ఆపితే మళ్ళీ మొదలవుతుంది.

తరువాత ఆరబెట్టడం. ఓపిక చాలక పని చెడేది ఇక్కడే. నీడన, గాలి ఆడేటట్లు, పైన తాటిపత్రి పందిరి వేసి మూడు నాలుగు వారాలు వదలండి. ఆరిందని తెలియడమెట్లా? ధాన్యం కొనుగోలు కేంద్రానికి పోయినవారికి 17 శాతం తేమ అనే మాట తెలుసు. కర్రకు అంతకంటె తక్కువ, 12 నుంచి 15 శాతం ఉండాలి. లెక్కలో కొంచెం తేడా ఉన్నది. ధాన్యానికి తేమను మొత్తం తూకం మీద లెక్కిస్తారు, కర్రకు పూర్తిగా ఎండిన తూకం మీద లెక్కిస్తారు. మీటరు లేకపోతే పడవలో మిగిలిన కర్ర నుంచి చిన్న ముక్క తీసి కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి, పందిట్లోనే ఉంచి రోజూ తూచండి. మూడు రోజుల పాటు తూకం తగ్గకుండా నిలిచేదాకా ఆగండి. ముక్క పెద్ద బద్ద కంటె త్వరగా ఆరుతుంది గనుక ఆ తరువాత ఇంకొక వారం కలుపుకోవడం మంచిది.

కొత్త కర్రకు ప్లైవుడ్ కొంటే ఐ.ఎస్. 710 ముద్ర చూచి కొనండి. అది నీటి పనికి ఉద్దేశించిన మెరైన్ ప్లైవుడ్, 72 గంటలు మరిగే నీటిలో ఉంచినా పొరలు విడిపోకూడదన్నది దాని పరీక్ష. ఐ.ఎస్. 303 ముద్ర వేసినది ఇంటి అల్మారాలకు. ధరలో తేడా చూచి అల్మారా పలకను పడవలో పెట్టేవారున్నారు. మోటారు తగిలే వెనుక పలకకు 18 మిల్లీమీటర్ల పలకలు రెండు ఒకదానికొకటి అతికించి వాడడం పరిపాటి. మోటారు పెద్దదైతే దాని తయారీదారు చెప్పిన మందమే పెట్టాలి. పలక అంచులు నీరు తాగే నోళ్ళు. కోసిన ప్రతి అంచుకు పలుచని రెజిన్ రెండు మూడు పూతలు పట్టించి ఆరిన తరువాతనే అమర్చండి.

నాచారం, మల్లాపూర్, చర్లపల్లి వైపు షెడ్లలో ఫైబర్ గ్లాసు ట్యాంకులు, తలుపులు పోసే పనివారు దొరుకుతారు. చేతి నేర్పు ఉన్నవారే. అయితే వారికి అలవాటైనది పాలియెస్టర్ రెజిన్. కొత్తగా పోసే ట్యాంకుకు అది చక్కగా సరిపోతుంది. పాత, ఎండిన గాజు మీద, కర్ర మీద దాని పట్టు తక్కువ, కొన్నాళ్ళకు పొర పొరగా లేస్తుంది. అతుకు పనికి ఎపాక్సీ మేలు, ఖరీదు మాత్రం బాగా ఎక్కువ. డబ్బు చాలకపోతే వెనుక పలకకు, బద్దల అతుకులకు ఎపాక్సీ వాడి, తక్కిన చోట ఐసోఫ్తాలిక్ రకం పాలియెస్టర్ వాడుకోవచ్చు. ఒకటి గుర్తుండాలి. ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా అతకదు గనుక, పాలియెస్టర్ పని ఎక్కడున్నా ముందే ముగించండి. ఎపాక్సీకి నేసిన గాజుబట్ట వాడండి. ముక్కల చాపను పట్టి ఉంచే బంధకం పాలియెస్టర్‌లోని స్టైరీన్‌కు కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు, చాప బిర్రుగా నిలిచిపోతుంది.

పాలియెస్టర్‌ను గట్టిపరచే ద్రవం చాలా ప్రమాదకరమైనది. కిలో రెజిన్‌కు 10 నుంచి 20 మిల్లీలీటర్లు చాలు. ఎండ పెరిగినకొద్దీ తగ్గించి, తెల్లవారుజామున పని చేయండి. ఈ ద్రవాన్ని, కోబాల్టు అనే ఊదారంగు ద్రవాన్ని నేరుగా ఎన్నడూ కలపరాదు. కలిపితే మంట, పేలుడు. ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిసిన తరువాతనే రెండవది. కంటిలో చుక్క పడితే చూపు పోవచ్చు. వెంటనే పావుగంటకు తగ్గకుండా ధారగా నీళ్ళతో కడిగి ఆసుపత్రికి పోవలెను. ఒక బిందె నీళ్ళు పక్కన లేకుండా సీసా మూత తీయవద్దు. బీడీ సంగతి చెప్పనవసరం లేదనుకొంటాను, అయినా చెబుతున్నాను, వద్దు.

అతికే చోట పాత గాజును ఉప్పు కాగితంతో మెరుపు పోయేదాకా గీకి తుడవండి. బద్దకు, డొప్పకు నడుమ మూలను రెజిన్ లప్పంతో గుండ్రంగా నింపండి. గాజుబట్ట పదునైన మూలలో వంగదు, కింద గాలి మిగులుతుంది. మొదటి పట్టీ రెండు అంగుళాలు, దాని మీద నాలుగు, దాని మీద ఆరు, ఇట్లా వెడల్పు పెంచుతూ వేయండి. బరువు ఒక్క గీత మీద పడకుండా పరచుకొంటుంది. బద్దల అడుగున నీరు పారే బెజ్జాలు విడవడం, ఆ బెజ్జాల లోగోడకు కూడా రెజిన్ పూయడం మరవవద్దు. పాత పడవలలో పుచ్చు మొదలయ్యే చోట్లలో అది ఒకటి.

ఇప్పుడు నురుగు దిమ్మల సంగతి. గాజు డొప్ప నీటికంటె సుమారు ఒకటిన్నర రెట్లు బరువైన పదార్థం. నీళ్ళు నిండితే దానంతట అది తేలదు. నూరు కిలోల డొప్ప నీట మునిగినప్పుడు దాదాపు 33 కిలోల బరువుతో కిందికి లాగుతుంది. ఒక లీటరు నురుగు సుమారు ఒక కిలోను తేలుస్తుంది. కాబట్టి డొప్పకు 33 లీటర్లు, దానిపై మోటారుకు, పట్టుకొని వేలాడే మనుషులకు వేరుగా లెక్క కట్టుకోవాలి. నీళ్ళు తాగిన పాత దిమ్మను పిండి వాడవద్దు, తీసివేయండి. దాని స్థానంలో చౌకగా థర్మోకోల్ పెట్టి పైన పాలియెస్టర్ పోస్తే ఏమవుతుందో ఒక చిన్న ముక్క మీద పోసి చూడండి. ఐస్‌క్రీము వలె కరిగిపోతుంది. నీరు తాగని, రెజిన్‌కు కరగని నురుగు పలకలు అడిగి తీసుకోవాలి.

చివరి పని బెజ్జాలు. తెడ్డు కొక్కేనికి, మోటారుకు, లంగరు తాడు కట్టే కడియానికి బోల్టు దిగే ప్రతి చోట కావలసినదాని కంటె పెద్ద బెజ్జం వేసి, ఎపాక్సీ లప్పంతో నిండా నింపి, గట్టిపడిన తరువాత దాని నడుమ అసలు బెజ్జం వేయండి. అప్పుడు బోల్టు చుట్టూ కర్ర ఉండదు. వాషరు కింద సీలెంటు పెట్టి బిగించండి. ఒక్కొక్క బోల్టుకు రెండు పూటలు పడుతుంది. పనివాడు విసుక్కొంటాడు, నేరుగా కొడతానంటాడు. పక్కన నిలబడి చేయించుకోండి.

పడవను నీటిలో పెట్టిన రోజున ఎవరినీ ఎక్కించవద్దు. నడుములోతు నీటిలో తాడు కట్టి, మనుషుల బరువుకు సరిపడా ఇసుక సంచులు పేర్చి గంటసేపు చూడండి. తరువాత సంచులు తీసి, పడవ నిండా నీళ్ళు పోసి అంచులు పైకి తేలి ఉన్నాయా చూడండి. అంచు మునిగితే నురుగు చాలలేదు. మళ్ళీ విప్పి దిమ్మలు కలపవలసినదే, రంగు ఆ తరువాత. పని ముగిసిన తరువాత కూడా ఎక్కే ప్రతివారికీ లైఫ్ జాకెట్ ఉండాలి. పట్టుబడి అయిపోయినాక పడవను బోర్లించి, అంచుల కింద రెండు దుంగలు పెట్టి గాలి ఆడేటట్లు ఉంచండి. వెల్లకిలా ఉంచక తప్పకపోతే బిరడా తీసి, అణియం ఒక జానెడు ఎత్తు పెట్టి, నీరు అమరం వైపు కారిపోయేటట్లు చూడండి.